బొమ్మలో లేని ఇల్లు

ఆ వేసవిలో గ్రీసులోని మా సీమి దీవికి ఆక్సెల్ అనే డేనిష్ చిత్రకారుడు వచ్చాడు. దేశాలు తిరుగుతూ నీటిరంగుల బొమ్మలు వేసుకోవడమే అతని పని. మా కాఫీ కొట్టు మేడగదిలో దిగి, రోజూ పొద్దున్నే మెట్లదారి మలుపులో కూర్చుని రేవునూ ఎదుటి కొండనూ వేసేవాడు. పూర్తయిన రోజు బొమ్మను కొట్టు ముందు ఆరబెట్టాడు. ఊరంతా మూగింది. ఎవరిల్లు వాళ్లు వేలు పెట్టి చూపించుకుంటున్నారు.

మా పిన్ని సెవస్తి కూడా వచ్చి చాలాసేపు వెతికింది.

"నా ఇల్లేదయ్యా?"

ఆక్సెల్‌కు మా భాష కాస్త వచ్చు. మొహం ఎర్రబడింది. యుద్ధంలో బాంబు పడి పిన్ని ఇల్లు సగం కూలింది. పైగదిలో అంజూరు చెట్టు మొలిచింది. బాబాయి సకెల్లారిస్ పోయాక, కింద మిగిలిన ఒక్క గదిలోనే ఆమె ఉంటోంది.

"అది కూలిపోయిన ఇల్లు కదమ్మా... బొమ్మకు అందం పోతుందని..."

"ఓహో! బాంబు వేసినవాడే సగం వదిలేశాడు. నువ్వు ఆ సగం కూడా లేపేశావన్నమాట!"

అందరూ గొల్లున నవ్వారు. పిన్ని నవ్వలేదు.

"పన్నెండేళ్లు సముద్రం అడుగుకి దూకి స్పాంజీలు కోసి, అవి అమ్మిన డబ్బుతో కట్టాడు మా ఆయన. దాని చోట దాన్ని పెట్టు."

"ఇప్పుడు కుదరదమ్మా. ఇవి పల్చటి రంగులు. ముదురు రంగు మీద లేత రంగు నిలవదు. మళ్లీ మొదటినుంచీ వెయ్యాలి."

"వెయ్యి మరి. నిన్నెవరు తరుముతున్నారు?"

మర్నాడు పడవెక్కాల్సినవాడు ఆగిపోయాడు. మళ్లీ పడవ వారానికిగానీ రాదు. ఈసారి పిన్ని అతని పక్కనే పీట వేసుకుంది.

"పగులు అటు కాదు, ఇటు. కళ్లెక్కడ పెట్టుకున్నావ్?" అని గదమాయించేది. మధ్యాహ్నం నూనెలో వేయించిన చిన్నరొయ్యలు పెట్టి, "తిను, ఎండబెట్టిన ఆక్టోపస్‌లా ఉన్నావు" అనేది. మూడోరోజు అతను కుంచె పక్కన పెట్టి, తనంతట తానే ఆ ఇంటికి వెళ్లాడు. కూలిన గోడ రాళ్లను తడుముతూ చాలాసేపు అక్కడే ఉన్నాడు.

రెండో బొమ్మలో ఇల్లు పగుళ్లతో, చెట్టుతో, ఉన్నది ఉన్నట్టు వచ్చింది.

"ఇది మీకేనమ్మా," అన్నాడు.

"వద్దు. ఇల్లు నా దగ్గరుందిగా. దీన్ని మీవాళ్లకు చూపించు. నాకు ఆ మొదటిది ఇవ్వు."

"అందులో మీ ఇల్లు లేదు కదా!"

పిన్ని మొదటి బొమ్మలో తన ఇల్లు ఉండాల్సిన చోట, కొండకు వేసిన గోధుమరంగు మీద వేలుంచింది.

"పెళ్లికి ముందు సకెల్లారిస్ నన్ను ఇక్కడికే తీసుకొచ్చాడు. ఇల్లు ఇక్కడ కడతానన్నాడు. అప్పుడేమీ లేదయ్యా, రాళ్లూ ముళ్లపొదలూ తప్ప. ఇదిగో, ఇలాగే ఉండేది."

ఆక్సెల్ బొమ్మ వెనక సెవస్తి, సకెల్లారిస్ అని ఇద్దరి పేర్లూ రాసి ఆమె చేతికిచ్చాడు.

అతన్ని పడవెక్కించి నేను పిన్ని ఇంటికి వెళ్లేసరికి, ఆమె స్టూలెక్కి గోడకు మేకు కొట్టి ఆ బొమ్మ తగిలిస్తోంది.

"వంకరగా ఉందేమో చూడవే," అంది, ఇటు తిరక్కుండానే.