పనసపొట్టు కూర కేసు

ఏలూరులో లా చదివి, తాడేపల్లిగూడెంలో పెళ్లివంటలు చేస్తున్నానని నాన్న ఏడాదిగా సణుగుతూనే ఉన్నారు.

నిన్న పెళ్లికొడుకు మేనమామ కనకరాజుగారు విస్తరి ముందు నుంచి లేచిపోయారు.

"పనసపొట్టు కూర లేని పెళ్లిభోజనమేంటండీ? మగపెళ్లివారంటే అంత చులకనా?"

పెళ్లికూతురి తండ్రి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. మెనూ మీద రెండువైపులవాళ్లతోనూ సంతకం పెట్టించుకోకుండా నేను పొయ్యి వెలిగించను. గరిటె పక్కన పెట్టి కాగితం తీశాను.

"పనసపొట్టు కొట్టేసి గుత్తివంకాయ రాసింది మీరేనండీ. ఇదిగో సంతకం."

పందిరంతా గొల్లున నవ్వింది. ఆయనా నవ్వేసి కూర్చున్నారు. గుత్తివంకాయ రెండుసార్లు మారు వేయించుకున్నారు.

చేయి కడుక్కుంటూ అన్నారు: "మా అమ్మాయి పెళ్లికీ నువ్వే వండాలమ్మా. సంతకం మాత్రం లాయరుకి చూపించాకే పెడతాను."

మంచినీళ్లు పోస్తున్న నాన్న చటుక్కున అందుకున్నారు.

"వేరే లాయరెందుకండీ? మా అమ్మాయి లేదూ!"