నీళ్ళ బెజ్జం

పాత వంతెనను ఊడ్చుకుపోయిన వరద వచ్చాక తొమ్మిదో ఏడు. మా అమ్మాయి షెడ్డుకు కొత్త బోర్డు పెట్టుకున్నది కూడా ఆ ఏడే.

ఆ బోర్డు ఊరికే రాలేదు. కార్లకు సైలెన్సర్లు మార్చాలంటే ఇప్పుడు తనిఖీ ఆఫీసు అనుమతి ఉండాలి. మనం బిగించిన కారు పొగ పరీక్షలో మాటిమాటికీ తప్పితే అనుమతి పోతుంది, బోర్డు దిగుతుంది. అమ్మాయి వాళ్ళ పరీక్ష రాసి, ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగి తెచ్చుకుంది. అంతకుముందు షెడ్డు నాది. ఇప్పుడు నేను అందులో వెల్డింగు చేస్తాను.

మొదటి పెద్ద పని ఇంటివాళ్ళ దగ్గర నుంచే వచ్చింది. అల్లుడి అన్నగారు పళ్ళ డాక్టరు. ఎర్ర కారు ఒకటి కొన్నాడు. రెండే సీట్లు. నేలను రాసుకుంటూ పోతుంది. దాని చప్పుడు ఆయనకు చాల్లేదు.

"కుట్టుమిషన్ తొక్కినట్టుందమ్మా. నేను వీధి మలుపు తిరగ్గానే ఫలానావాడొస్తున్నాడని తెలియాలి" అన్నాడు.

"మీరొస్తున్నారని తెలిస్తే జనం నోళ్ళు మూసుకుంటారు బావగారూ. నష్టం మీకే" అంది అమ్మాయి.

ఆయన నవ్వలేదు.

ఇంజను వెనక కన్వర్టరని ఒక డబ్బా ఉంటుంది. పొగలోని విషాన్ని విరిచేది అదే. దాన్ని ముట్టుకోకూడదు. దాని వెనక పైపులు, సైలెన్సరు మార్చుకోవచ్చు, చప్పుడు హద్దు దాటనంతవరకు. అమ్మాయి స్టీలు పైపులు తెప్పించింది. వంపులు కొలిచి, కోసి ఇచ్చింది. నేను బల్ల మీద పెట్టి అతికాను. వాటిని కారు కింద తగిలించాం. అడుగున అడ్డంగా ఉండే రేకు మళ్ళీ బిగించాం. స్టార్టు చేస్తే గొంతు బాగుంది. బొంగురుగా, నిండుగా ఉంది. డాక్టరు మొహం విప్పారింది.

పొగ పరీక్షలో తప్పింది.

తనిఖీ ఆఫీసరు వెనక గొట్టంలో పొగ కొలిచే పుల్ల పెట్టి, మిషన్ వంక చూసి తల అడ్డంగా ఊపాడు. "ఉండాల్సినదానికంటే గాలి ఎక్కువ చూపిస్తోందమ్మా. ఎక్కడో లీకుంది. చూసుకుని రండి."

షెడ్డుకు తెచ్చి అతుకులన్నీ చూశాం. వాషర్లు మార్చాం. మళ్ళీ తీసుకెళ్ళాం. మళ్ళీ అదే మాట. ఈసారి ఆఫీసరు మొహంలో మెత్తదనం లేదు. "ఇంకోసారి తప్పితే నేను పైకి రాయాల్సి వస్తుంది. ఆ తర్వాత మీ బోర్డు నా చేతుల్లో ఉండదు" అన్నాడు.

కారులో ఇద్దరం రెండు బస్తాల్లా కూర్చుని వచ్చాం.

డాక్టరు షెడ్డులోనే ఉన్నాడు. కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

"అవతల వీధి షెడ్డువాడు ఆ డబ్బా లోపలిది గుల్ల చేసి, పై డబ్బా అలాగే ఉంచుతాడట. కారు కంప్యూటరును మాయ చేసే ముక్క ఏదో కూడా పెడతాడట. పరీక్షకేముంది, తెలిసినవాడి దగ్గర చేయించుకోవచ్చు. అంతా చేసేదే కదమ్మా."

"అయితే అక్కడికే తీసుకెళ్ళండి బావగారూ. నా బోర్డు కింద అది జరగదు."

"బోర్డు బోర్డు అంటావు. ముందు నా కారు సంగతి చూడు." నా వైపు తిరిగాడు. "మీరైనా చెప్పండి మావయ్యగారూ. అమ్మాయికి చేతకాకపోతే చేతకాలేదని ఒప్పుకోవచ్చు కదా."

నాకు ఒళ్ళు మండింది. స్పానరు తీసి ఇంకో చోట పెట్టాను.

ఆయన వెళ్ళాక అమ్మాయి వెనక గొట్టంలో తడిగుడ్డ కుక్కింది. ఇంజను నడుస్తుండగా సబ్బునీళ్ళు కలిపి ఒక్కొక్క అతుకుకు రాసింది. లీకుంటే బుడగ రావాలి. ఎక్కడా రాలేదు. నా అతుకులు అవి, రావు.

"ఎక్కడో బుస్సుమంటోంది నాన్నా. నీకు వినిపిస్తోందా?"

నాకు ఆ సన్న చప్పుళ్ళు వినపడి చాలా కాలమైంది. లేదన్నాను.

సెన్సరు మార్చింది. కంప్యూటరు తగిలించి చూసింది. విప్పిందే విప్పి, బిగించిందే బిగించింది. బోల్టు జారి వేలు చీరుకుంది. గుడ్డ చుట్టుకుని మళ్ళీ దూరింది. పొద్దు వాలేసరికి ఇద్దరికీ తల ప్రాణం తోకకొచ్చింది. ఆఖరికి అడుగు రేకు కూడా విప్పేసింది.

రేకు మీద నీటి మరక ఉంది. గుండ్రంగా, బొట్టు బొట్టుగా పడ్డ మరక. దానికి సరిగ్గా పైన పైపు వంపు. అక్కడ అతుకు లేదు. బియ్యపుగింజ పట్టేంత బెజ్జం ఉంది.

"నాన్నా, ఇదేంటి?"

"నీళ్ళ బెజ్జం."

"ఎవరు పెట్టమన్నారు?"

"ఒకరు పెట్టమనేదేంటి? వరదప్పటి నుంచి పెడుతూనే ఉన్నాను."

ఆ వరదకు షెడ్డు మెడలోతు మునిగింది. నీళ్ళు తీశాక పైపులన్నీ లోపల నుంచి కుళ్ళిపోయాయి. బయటికి నిగనిగలాడుతూ ఉండేవి, వేలుపెట్టి నొక్కితే పొడి రాలేది. అప్పటి నుంచి ఏ పైపు అతికినా దాని అడుగున ఒక బెజ్జం పెట్టేవాణ్ణి. లోపల పట్టిన చెమ్మ దిగిపోతుంది. దానికి సన్న డ్రిల్లు బిట్టు ఒకటి చొక్కా జేబులోనే ఉంటుంది.

"పొద్దుటి నుంచి చస్తున్నా కదా. ఒక్క ముక్క చెప్పలేకపోయావా?"

"నువ్వు లీకు వెతుకుతున్నావు. ఇది లీకు కాదు. పొగ బయటికి తోస్తుంటే గాలి లోపలికెలా పోతుంది?"

అమ్మాయి గొట్టంలో గుడ్డ లాగేసి, ఇంజను మెల్లగా తిరగనిచ్చింది. వేలితో సబ్బు నురుగ తీసి బెజ్జం మీద పెట్టింది. "చూడు."

వంగి చూశాను. నురుగ ఉబ్బాలి. ఉబ్బలేదు. ఉలిక్కిపడుతూ, కొంచెం కొంచెంగా లోపలికి పోయింది.

"పొగ ఒకటే ధారగా రాదు నాన్నా. దెబ్బ దెబ్బకీ వస్తుంది. మధ్యలో పైపు గాలి పీలుస్తుంది. ఆ గాలే మిషన్‌లో కనపడుతోంది."

"మరి నీళ్ళు?"

"పొగతోనే పోతాయి. ఇది తుప్పు పట్టే ఇనుము కాదు."

నాకు నచ్చలేదు. నురుగ లోపలికి పోవడం మాత్రం కళ్ళతో చూశాను. ఆమె వేలికి చుట్టిన గుడ్డ ఎర్రగా తడిసి ఉంది. అది కూడా చూశాను.

"పెట్టేముందు నన్ను అడగొచ్చుగా" అంది. గట్టిగా అనలేదు. అరిచినా బాగుండేది.

తెల్లారి ఆమె రాకముందే షెడ్డు తీశాను. బెజ్జం చుట్టూ తోమి, చుక్క వెల్డింగు పెట్టి మూశాను. నురుగ రాసి చూశాను, ఉన్నచోటే ఉంది. రేకు బిగించాను. ఆమె వచ్చాక ఇద్దరం తనిఖీకి వెళ్ళాం. డాక్టరు అక్కడికే వచ్చాడు. మిషన్ ఈసారి ఏమీ అనలేదు. ఆఫీసరు కాగితం మీద ముద్ర వేశాడు.

"ఏమిటమ్మా లోపం?" అన్నాడు డాక్టరు.

అమ్మాయి నోరు తెరిచేలోపు నేనే చెప్పాను. "నేను పెట్టిన బెజ్జం. అమ్మాయి పట్టుకుంది."

ఆయన నన్నూ ఆమెనూ మార్చి మార్చి చూసి, చప్పుడు ఇంకాస్త ఉంటే బాగుండేదన్నాడు.

షెడ్డుకు వచ్చాక జేబులోంచి సన్న బిట్టు తీసి ఆమె పనిముట్ల డబ్బాలో వేశాను. మళ్ళీ కావాలంటే అడిగి తీసుకోవాలి.