సొట్ట గిన్నె

అరటిపండు గుజ్జు చివరి చెంచా పాప నోట్లో పెట్టి, ఆయమ్మ గిన్నెను బోర్లించి చూపింది.

"అయిపోయిందోచ్!"

పాప కిలకిలా నవ్వింది. ఆ క్రెష్‌లో ఇరవై ఆరేళ్ళుగా ప్రతి గిన్నె చివరా ఇదే కేక. నేల తుడుస్తూ, లాగులు మారుస్తూ, ముక్కులు తుడుస్తూ ఆమె పిల్లలతో మాట్లాడుతూనే ఉంటుంది. గోడలకు చెవులుంటే ఈపాటికి వాటికీ మాటలొచ్చేవి.

ఇవాళే ఆఖరి రోజు. కూతురికి నెలలు నిండాయి, సాయంత్రం బస్సుకు బయలుదేరాలి. ఒక్కటే దిగులు, ఆమె 'మునిగారు' అని పిలుచుకునే పిల్లాడు. రెండేళ్ళు నిండబోతున్నా మూగనోము పట్టినట్టు ఒక్క మాటా లేదు. తలుపు గడియ చప్పుడైతే చాలు, గిరుక్కున తిరుగుతాడు. వినికిడికి లోటు లేదు, నోరే పెగలదు.

"మునిగారూ, నాతో పలక్కుండానే పంపించేస్తారా?" అంటూ తన కూతురి చిన్ననాటి సొట్ట గిన్నెలో తినిపించింది. అది అయితేనే వాడు నోరు తెరుస్తాడు. గుజ్జు అయిపోయింది. ఇంతలో పక్కన ఎవరో ఏడిస్తే అటు తిరిగింది.

వెనకనుంచి "పోచ్!" అని వినిపించింది.

మునిగారు గిన్నె బోర్లించి పట్టుకుని, ఆమెకేసి చూస్తున్నాడు.

"అన్నాడు! వాళ్ళమ్మకు ఫోన్ చేస్తా!" అని టీచరమ్మ ఎగిరి గంతేసింది.

"ఆగు తల్లీ." ఆయమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. "మొదటి మాట అమ్మ సొత్తు. ఇక్కడ విన్నది ఇక్కడే మింగెయ్యాలి."

ఆమె కూతురి మొదటి మాట పక్కింటావిడ చెవిన పడింది. ఆ పూట ఆయమ్మ ఇక్కడే ఎవరి బిడ్డకో జోలపాడుతోంది.

సాయంత్రం మునిగారి తల్లి వాడిపోయిన మొహంతో వచ్చింది. "రేపు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నాం ఆయమ్మా. నాకు భయంగా ఉంది."

నిజం నాలిక చివరిదాకా వచ్చింది. ఆయమ్మ దాన్ని వెనక్కి తోసింది.

"చూపించండమ్మా, మంచిదే. ఈలోగా ఇంటికెళ్ళి తినిపించాక గిన్నె బోర్లించి 'అయిపోయిందోచ్' అనండి. అని, కాసేపు ఊరుకోండి. తొందరపడకండి."

మునిగారి బుగ్గ పుణికి పంపేశాక సొట్ట గిన్నె కడిగి సంచిలో వేసుకుంది, పుట్టబోయే మనవడికో మనవరాలికో పనికొస్తుందని. గుమ్మందాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చింది.

మర్నాడు పొద్దున్నే తల్లి చెప్పులు విప్పకుండానే లోపలికి పరిగెత్తుకొచ్చింది.

"ఆయమ్మా! మాట్లాడాడు! మొట్టమొదట నాతోనే!"

ఆయమ్మ లేదని టీచరమ్మ చెప్పబోయింది. ఇంకా ఏదో చెప్పబోయి గుటక మింగింది. కళ్ళు ఇంత చేసుకుని అడిగింది.

"నిజమా! ఏమన్నాడు?"

తల్లి చంకలోంచి మునిగారు గోడ అలమరకేసి చెయ్యి చాచాడు. అక్కడ, శుభ్రంగా తుడిచి బోర్లించిన సొట్ట గిన్నె.