పుంటికూర బొమ్మ

పిల్లలు "టీచర్" అని పిలిచినప్పుడల్లా, తన వెనక ఇంకెవరో నిలబడ్డారేమోనని కన్యక తిరిగి చూసేది. తొమ్మిదో తరగతి సగంలో ఉండగానే పెళ్లి చేసి పంపిన మనిషాయె. మొయినాబాద్ దగ్గరి హిమాయత్‌నగర్ ఊళ్లో రాఘవేందర్ సార్ నడిపే చిన్న బడిలో ఆయా పనికి కుదిరింది. ఎల్‌కేజీ చెప్పే అమ్మాయికి సిటీలో కాల్‌సెంటర్ ఉద్యోగం దొరకడంతో, సార్ ఆ కుర్చీలో కన్యకను కూర్చోబెట్టాడు. టీచర్ బిడ్డ అని ఆమె కూతురు తేజస్వికి అదే తరగతిలో సీటిచ్చాడు.

"ఫికర్ చెయ్యకు. టీచర్లకు కావలసినవన్నీ ఇంటర్‌నెట్ల ఉంటయట. తెచ్చుకొని చెప్పు," అన్నాడు.

కన్యక షేర్ ఆటో ఎక్కి మొయినాబాద్‌లో విశ్వేశ్వర్ నెట్‌షాపుకు పోయింది. అతను వెతికి వెతికి టీచర్ల కోసం పెట్టిన బొమ్మల కార్డులు తీశాడు. గ అక్షరం పక్కన గోంగూర, బ పక్కన బంగాళాదుంప, మ పక్కన మొక్కజొన్న. ముట్టుకుంటే చేతికి మట్టి అంటుతుందేమో అన్నట్టున్నాయి బొమ్మలు. రంగుల్లో ప్రింటు తీయించుకొని, వానకు తడవకుండా కొంగుచాటున తెచ్చుకుంది.

కొన్నాళ్లకు సార్ తరగతికి వచ్చాడు. బొమ్మ లేకుండా బోర్డు మీద గ రాశాడు.

"ఇదేంది?"

"పు!" అన్నారు పిల్లలంతా ఒక్క గొంతుతో.

బ రాశాడు. "ఆ!" అన్నారు. మ ఒక్కటే కుదిరింది.

సార్ నవ్వబోయి ఆగిపోయాడు. బయటికి పిలిచి మెల్లగా చెప్పాడు. "సోమవారం మళ్ల అడుగుత కన్యకా. గప్పటికి గూడ రాకపోతే చేవెళ్ల నుంచి ట్రైనింగ్ అయిన టీచర్‌ను పిలుస్త. ఏమనుకోకు."

పిలిస్తే తను మళ్లీ ఆయానే. తేజస్వి సీటు ఉంటుందో పోతుందో. అంతకన్నా పెద్ద భయం వేరే ఉంది. తన మొద్దుతనమే బిడ్డకు వచ్చిందా?

ఇంటికి రాగానే తేజస్విని కూర్చోబెట్టి గ కార్డు చూపింది. "చెప్పు, ఇదేంది?"

"పు."

"గ అని ఎన్నిసార్లు చెప్పాలె నీకు?" కన్యక చెయ్యి లేచింది.

గడప దగ్గర కూర తుంచుతున్న అత్త శంకరమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. "పోరినెందుకు కొడుతవే? పుంటికూర బొమ్మ చూపిచ్చి, పు అంటె తప్పంటవేంది?"

"పుంటికూర కాదత్తా, గోంగూర."

"అబ్బో, గోంగూరనా! మరి పొద్దుగాల పుంటికూర తెంపుకరా అత్తా అంటివి?"

నిజమే. ఇంట్లో అనేది పుంటికూరే. టీచర్లు అట్లా అనరేమోనని బడి గేటు లోపలికి రాగానే దాన్ని గోంగూర అనేది. పిల్లలేమో బొమ్మను చూసి ఇంటి పేరే పట్టుకున్నారు. బంగాళాదుంప ఇంట్లో ఆలుగడ్డ, అందుకే ఆ. మొక్కజొన్నను మక్కకంకి అన్నా మ కాబట్టి అది బతికిపోయింది. బిడ్డ మొద్దు కాదు. చూసినదే చెప్పింది.

తెల్లారి కత్తెరతో కార్డుల్లో బొమ్మలు వేరు, అక్షరాలు వేరు చేసింది. అక్షరాలను కొత్త అట్టలకు అంటించి, గ పక్కన గంప, బ పక్కన బర్రె గీసింది. పుంటికూరను పు కోసం దాచింది.

"టీచర్, ఇది టోపీనా?" అంది ముందు వరుసలో సాయి ప్రియ.

"గంపనే. జర బోర్లపడ్డది."

తరగతంతా పకపకా నవ్వింది.

సోమవారం సార్ గ రాశాడు. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"బోర్లపడ్డ గంప!" అంది తేజస్వి.

"గ! గ!" అని అరిచారు మిగతావాళ్లు. బ రాయకముందే ఎవరో బర్రెలా అరిచారు.

"అయితే ఇంటర్‌నెట్ పనికిరాదంటవా?" అన్నాడు సార్.

"బొమ్మలు మంచియే సార్. పేర్లే మనదిక్కువి కావు. అక్షరం వచ్చినంక గోంగూర గూడ నేర్పుత."

సార్ గంప కార్డును చేతిలోకి తీసుకొని తిప్పి చూశాడు. "బొమ్మలు గియ్యడం జర నేర్చుకో," అని పోయాడు. చేవెళ్ల టీచర్ మాట ఎత్తలేదు.

సాయంత్రం కన్యక మళ్లీ నెట్‌షాపుకు పోయింది. కార్డుల కింద టీచర్లు తమ మాట రాసుకునే చోటున్నదని మొదటిసారి వచ్చినప్పుడే చూసి పెట్టుకుంది.

"అన్నా, గిట్ల రాయి. మీ బొమ్మలు బాగున్నయి. మా దిక్కు దీన్ని పుంటికూర అంటరు, ఆ పేరుతోని ఇంకో కార్డు పెట్టుండ్రి."

విశ్వేశ్వర్ టకటకా కొట్టాడు. "పేరు, పని అడుగుతున్నది చెల్లె. ఏం రాయాలె?"

కన్యక ఈసారి వెనక్కి చూడలేదు.

"కన్యక. టీచర్ అని రాయన్నా."