పావు సెకనులో నీళ్ళు

నల్లాలో నీళ్ళు ఎప్పుడు వస్తాయన్న ప్రశ్న సృష్టి రహస్యంతో సమానం కాదని వాదించేవారు నాచారంలో ఒక వేసవి కాపురం ఉండి చూడవలసింది. రెండు వేల పన్నెండులో ఆ రహస్యాన్ని ఛేదించే మహత్కార్యాన్ని సుబ్రహ్మణ్యం గారి సాఫ్ట్‌వేర్ సంస్థ తలకెత్తుకుంది. సంస్థ అంటే పారిశ్రామికవాడలో బిస్కెట్ల గోదాము పైనున్న అంతస్తు.

ఆయన అద్దెకు తెచ్చుకున్న డేటా ప్లాట్‌ఫాం మహిమ ఇది: ఒక చివర ఒకరు వార్త వేస్తే, పేరు నమోదు చేసుకున్న ఎందరికైనా పావు సెకనులో, అందరికీ ఒకేసారి, అందుతుంది. షేర్ల ధరల కోసం పుట్టిన ఆ వేగాన్ని నల్లా నీళ్ళకు కట్టే పని, ఉప్పల్ హాస్టల్ నుంచి రోజూ షేర్ ఆటోలో వచ్చే హిమజకు పడింది. చేరి పదకొండు నెలలైనా ఆమె ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది.

"డెమో సవ్యంగా జరిగితే పర్మనెంట్ చేసేస్తానమ్మా. లేదంటే ఏం చెయ్యాలో నువ్వే ఆలోచించుకో," అన్నారు సుబ్రహ్మణ్యం గారు, ఆలోచించే శ్రమను సైతం ఉద్యోగికే ప్రసాదించే ఔదార్యంతో.

నీళ్ళు వదిలే లైన్‌మన్ మొగిలయ్య వాల్వు తిప్పి ఫోనులో ఒక మీట నొక్కితే, డెమోకి ఎంచుకున్న నాచారం కాలనీలోని ఎనభై ఆరు ఇళ్ళ ఫోన్లు మోగాలి. హిమజ పదివేల ఉత్తుత్తి సందేశాలతో పరీక్షించింది, ఒక్కటీ తప్పలేదు. ఆమె లెక్కలోకి రానిది మోటారు ఒక్కటే. నల్లాకు నేరుగా మోటారు తగిలించడం నిషిద్ధం. కనుక ఆ కాలనీలో అది ప్రతి ఇంటా బోర్లించిన బకెట్ కింద గౌరవంగా కాపురముంటుంది.

ఆదివారం సాయంత్రం కాలనీ సంఘం అధ్యక్షుడు బసవరాజు తన వాకిట కుర్చీలు వేయించాడు. మొగిలయ్య మీట నొక్కాడు. ఇంటింటా ఫోన్లు ఏకకంఠంతో మోగాయి. "పావు సెకను!" అని సుబ్రహ్మణ్యం గారు చాటేలోగా ఎనభై ఆరు చేతులు ఎనభై ఆరు స్విచ్చులు వేశాయి. ట్రాన్స్‌ఫార్మర్ ఒక్క ఫిరంగి వందనం సమర్పించి మౌనం దాల్చింది. కాలనీ అంతటా కరెంటు పోయింది.

"ఏంది సారూ, నీళ్ళు తెస్తమని కరెంటు తీస్కపోతున్రు?" అన్నాడు బసవరాజు.

"మా సిస్టమ్ పర్‌ఫెక్ట్‌గా పనిచేసిందండీ!"

"ఔ, మస్తు పనిజేసింది. జర మా ఫ్యాను గూడ తిప్పుమనున్రి దాన్ని."

సుబ్రహ్మణ్యం గారు హిమజ వంక చూసి, "వారం టైమిస్తున్నా," అన్నారు.

ఆమె వాల్వు గుంత దగ్గరికి నడిచింది. మొగిలయ్య నవ్వు ఆపుకోలేక గట్టు మీద కూలబడ్డాడు.

"ఫికర్ జెయ్యకు బిడ్డా. ఇన్నేండ్లు నేనే గల్లీ గల్లీకి కేకేసుకుంట పోతుంటి. ఒకలైనంక ఒకలు మోటరేస్తుండిరి. నువ్వేమో ఊరందర్ని ఒక్కపారే లేపితివి. ఫ్యూజు ఉంటదా?"

"మరి గల్లీకీ గల్లీకీ ఎంత టైం పడుతది మామా?"

"నాకేం ఎర్క? మధ్యల బీడీ గూడ తాగుత."

హిమజ రెండు సాయంత్రాలు గడియారం పట్టుకుని అతని వెనక నడిచింది. బీడీతో సహా గల్లీకి ఆరు నిమిషాలు. పావు సెకనులో లోకాన్ని చుట్టగల ప్లాట్‌ఫాంకు ఆమె ఆ ఆరు నిమిషాల నిదానాన్ని నేర్పింది. సుబ్రహ్మణ్యం గారు దానికి "అంచెలవారీ తక్షణ సేవ" అని నామకరణం చేశారు.

మరుసటి ఆదివారం గల్లీ తర్వాత గల్లీ ఫోన్లు మోగాయి, గల్లీ తర్వాత గల్లీ బకెట్లు లేచాయి, దీపం ఒక్కటీ ఆరలేదు. బసవరాజు ఒప్పందం మీద సంతకం చేశాడు. సుబ్రహ్మణ్యం గారు ఆ వాకిట్లోనే హిమజ ఉద్యోగం ఖాయమని చప్పట్ల మధ్య ప్రకటించి, ఉత్తరం రాయించారు. 'తక్షణమే అమలులోకి వచ్చును' అని అందులో ఉంది.

సుబ్రహ్మణ్యం గారి బల్ల మీంచి పక్క గదిలోని హిమజ బల్ల మీదికి ఆ ఉత్తరం రావడానికి పంతొమ్మిది రోజులు పట్టింది.