నీడ బరువు

పార్సిల్ ఆఫీసు తెరవగానే ఆమె చేసే మొదటి పని, కాటా మీద తన నీడను వేసి చూసుకోవడం. సున్నా వస్తే కౌంటరు తెరిచేది. దిగులు పట్టినప్పుడు వాళ్ళ పుట్టింటి ఆడవాళ్ళ నీడకి బరువొస్తుంది. వాళ్ళమ్మకీ అంతే, అమ్మమ్మకీ అంతే. దిగులు తగ్గే మాత్ర రోజుకొకటి వేసుకోవడంతో ఆమె నీడ మూడేళ్ళుగా బుద్ధిగా నేల మీద పడి ఉంటోంది.

కడుపుతో ఉందని తెలియగానే చుట్టుపక్కల అందరూ డాక్టర్లైపోయారు. మాత్రలు మానేయమని అత్తగారు పట్టుబట్టింది, పార్సిళ్ళు కట్టేవాడు కూడా అదే సలహా ఇచ్చాడు. వాడికెందుకో మరి!

అసలు డాక్టరమ్మ మాత్రం, "మానొద్దు. పుట్టాక బిడ్డ కొన్నాళ్ళు వణకొచ్చు, పాలు సరిగ్గా తాగకపోవచ్చు. మేం కనిపెట్టుకుని ఉంటాం. నువ్వు మంచాన పడితే ఇద్దరికీ ముప్పే," అంది.

"అమ్మ చెప్పిందీ నిజమే, డాక్టరుగారు చెప్పిందీ నిజమే," అన్నాడు భర్త. ఆ మహానుభావుడు ఎప్పుడూ గోడమీద పిల్లే.

అత్తగారు ఊరుకోలేదు. సీసాలో మాత్రలు పారబోసి, అదే రంగు బలం మాత్రలు నింపింది. పుట్టబోయే బిడ్డ మీద ప్రేమట! రెండు వారాలకు కాటా పదకొండు కిలోలు చూపించింది. మూడో వారం నీడ మంచం కిందే ఉండిపోయింది, ఆమె లేవలేకపోయింది.

"నాకు బతకాలని లేదు," అంది గోడవైపు తిరిగి.

అప్పుడు భయపడి అత్తగారు నిజం చెప్పింది. మళ్ళీ మాత్రలు మొదలెట్టాక నీడ తేలికపడడానికి నెల పైనే పట్టింది.

పాప పుట్టింది. వణికింది, కీచుగా ఏడ్చింది.

"చూశారా! నేను నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పానా?" అని అత్తగారు వార్డంతా తిరిగింది.

"తగ్గిపోతుందమ్మా," అని నర్సు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కే లేదు. నాలుగో రోజుకి తగ్గిపోయింది. పాప కడుపునిండా పాలు తాగి పడుకుంది.

అత్తగారు ఇంకో ప్రశ్న పట్టుకుంది. "దీనికీ ఆ నీడ జబ్బు వస్తుందా, వాళ్ళమ్మ వైపు నుంచి?"

"రావచ్చు, రాకపోవచ్చు. తల్లి వైపు నుంచే రావాలని ఏముంది?" అంటూ డాక్టరమ్మ కిందికి చూసింది. తలుపు దగ్గర్నుంచి అత్తగారి కాళ్ళ దాకా నేల మీద గీత పడి ఉంది, బస్తా ఈడ్చినట్టు.

"ఎన్నేళ్ళ నుంచమ్మా?"

అత్తగారు కొడుకు వైపు చూసింది. "వీడు పుట్టినప్పటి నుంచి. అందరికీ ఇంతేననుకున్నాను."

భర్త వంగి తల్లి నీడను రెండు చేతులా పట్టుకున్నాడు. అంగుళం కూడా లేవలేదు.

కోడలికి కోపంతో కళ్ళలో నీళ్ళొచ్చాయి. "ముప్పై ఏళ్ళు! ఇది మోస్తూనా నా మాత్రలు పారబోశారు అత్తయ్యా?"

కోడలు పాపతో సహా పక్కకి జరిగి మంచం మీద చోటిచ్చింది.

"కూర్చోండి ముందు," అంది విసుగ్గానే.

డాక్టరమ్మ కొత్త చీటీ తీసి, అత్తగారి పేరు అడిగింది.