గొళ్లెం అందని పిల్ల

సోమవారం సోమవారం పొద్దున్నే, కూలికి పోయేముందు, నర్సింగమ్మ వాకిట్లోని బ్రహ్మజెముడు కుండను పావు వంతు తిప్పేది. తిప్పకపోతే అది ఎండవైపు ఒరుగుతుంది. మట్టిలో వేలు గుచ్చి, లోపల కూడా పొడిగా ఉంటేనే చెంబెడు నీళ్లు పోసేది. మోత్కూరు దాపున ఆ వాడలో పసిపిల్లలకు కూడా అంత వైభోగం లేదు.

చూసుకోదా మరి? కూతురు యాదలక్ష్మి ఎత్తంతా ఆ కుండలోనే ఉంది.

పిల్లకు తొమ్మిదేళ్లప్పుడు నాటింది ఆ జెముడు ముక్కను. ఆనాటి నుంచి పిల్ల బదులు జెముడు పెరుగుతోంది. ఇప్పుడు యాదలక్ష్మికి పదహారేళ్లు. మాట పదహారేళ్లది, మనిషి తొమ్మిదేళ్లది. జెముడు మాత్రం నిట్టాడులా గుడిసె చూరు దాకా లేచింది. పొరుగింటి బిక్షమ్మ గోడ మీంచి దాన్ని ఎగాదిగా చూసి, "గీ యేడు నీ బిడ్డ జానెడు సాగింది చెల్లే" అని మెచ్చుకునేది.

ఏటా ఉగాది దాటాక వాడలోని ఆడపిల్లలను దొర గడీకి పిలిపించేవారు. చెయ్యెత్తితే పెద్ద తలుపు గొళ్లెం అందిన పిల్ల ఆనాటి నుంచి గడీ వెట్టికే. దొరబిడ్డకు పెళ్లయితే ఆమె వెంట దాసిగా పోవాలి, మళ్లీ రాదు. ఠాణాలో అమీన్ సాబుకు చెప్పుకుందామంటే ఆయనదీ దొర మాటే. నర్సింగమ్మ చెల్లెలు సుక్కమ్మ అట్లా పోయిందే, ఇప్పటికీ ఉందో లేదో తెలియదు. ఆ ఎడబాటు ఇంకోసారి పడలేకనే ఈ జెముడు.

ఆ ఎండాకాలం దొర చిన్నబిడ్డకు పెళ్లి కుదిరింది. గడీ మనిషి దశరథం వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"రేపు పొద్దుగాల పిల్లను తోలియ్యి. గీసారన్న గొళ్లెం అందకుంటే పేరే కొట్టేస్తడట దొర."

దొర ఒకసారి కొట్టేసిన పేరు మళ్లీ రాయడు. రాస్తే తన మాట తాను మింగినట్టు. ఈ ఒక్క రోజు గడిస్తే చాలు. నర్సింగమ్మ సంబరంగా జెముడు మీద చెయ్యి వేసింది. దాని మొదలు కుళ్లి మెత్తగా తగిలింది.

"గిన్ని నీళ్లు ఎవరు పోసిండ్రే?" అంది బిక్షమ్మ ఆమె అరుపు విని పరుగున వచ్చి.

"నేనే అక్కా," అని నర్సింగమ్మ తల బాదుకుంది. "గీ ఎండలకు మట్టి సూడకుంటనే పదిహేను దినాల సంది రోజొక ముంత. నాకే నోరెండుతాంది, దానికి దూపకాదా అనుకున్న." నర్సింగమ్మ తల బాదుకుంది. జెముడు కూలితే ఎత్తంతా పిల్లకు వచ్చేస్తుంది.

"ఏడ్వకు. కుళ్లిన కాడికి కోసెయ్యి. కోసిన జాగా ఆరెదాక నిలువుగ పట్టుకో, నేల తాకనియ్యకు. పిల్లను నేను తోల్కపోత."

తెల్లవారగానే కొడవలితో కోసి, నర్సింగమ్మ జెముడును నిలువునా గుండెకు పొదువుకుంది. ముళ్లు రవికె దాటి దిగాయి.

"అమ్మా, నేనెప్పుడన్న పెద్దగైతనా?" అడిగింది యాదలక్ష్మి.

"ఫికర్ పడకు బిడ్డా. జర గీ పొద్దు గడువనీ."

వాళ్లు పోయారు. ఎండ నెత్తికెక్కింది. చేతులు మొద్దుబారాయి. ఇంకాసేపు, ఇంకాసేపు అనుకుంటుండగానే పట్టు జారింది. జెముడు నేలకు తగిలి మూడు ముక్కలైంది. నర్సింగమ్మ పెట్టిన కేకకు వాడంతా ఉలిక్కిపడింది.

గుడిసెలో పడి ఎంతసేపు ఏడ్చిందో తెలియదు. కళ్లు తెరిస్తే, బిక్షమ్మ పైబట్ట చుట్టుకున్న ఒక పడుచు చూరు కింద తల వంచి లోపలికి వస్తోంది. కబురు చెప్పడానికి గడీ నుంచి వచ్చిన పనిపిల్ల అనుకుంది.

"నా బిడ్డను తోల్కపోయిండ్రా తల్లీ?"

"లేదే అమ్మా. గొళ్లానికి బెత్తెడు దూరంల ఆగింది నా చెయ్యి. పేరు కొట్టేసిండ్రు. ఇంటికొస్తుంటే, వాగు కాడ గిట్లైన."

నర్సింగమ్మ తలెత్తి చూసింది. ఆ ముఖం ఆమెకు కొత్త. పదేళ్ల యాదలక్ష్మినీ పన్నెండేళ్ల యాదలక్ష్మినీ ఆమె ఒక్కనాడూ చూడలేదు, ఇక చూడబోదు. ఆ ముఖాన్ని రెండు చేతులతో తడిమి చూసింది.

"ఇటు రా అమ్మా, ముండ్లు తీస్త," అని యాదలక్ష్మి చతికిలబడి తల్లిని ఒళ్లో పడుకోబెట్టుకుంది. నర్సింగమ్మ ఆ ఒళ్లో పట్టింది.